మనస్సాక్షికి మన ఇళ్లలో చోటెంత?

(ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, కుర్చీలు చాలక వెనక నిలబడే వింటున్న విద్యార్థులకు నమస్కారం.

మతం, రాజకీయం, సంస్కృతి, నిత్యజీవితం గురించి మీకు తోచింది చెప్పండి అన్నారు నిర్వాహకులు. నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషిని. భూములు, ఇళ్లు, వీలునామాలు, పెళ్లిళ్లు... మనుషులు తమ బతుకులోని పెద్ద నిర్ణయాలను కాగితం మీద పెట్టుకోవడానికి వచ్చే చోట నా ఉద్యోగమంతా గడిచింది. ఈ నాలుగు విషయాలూ అక్కడ నాకు విడివిడిగా ఎప్పుడూ కనబడలేదు. ఒక్కోసారి ఒకే దస్తావేజులో నాలుగూ ఉండేవి. అందుకని నాలుగింటినీ కలిపి ఒకే ప్రశ్న అడుగుతాను. ఒక మనిషి దేన్ని నమ్మాలో, ఎవరిని పెళ్లాడాలో, ఎవరికి ఓటు వేయాలో తేల్చవలసింది ఎవరు? ఆ మనిషే అని మన రాజ్యాంగం తడుముకోకుండా చెప్పింది. మన ఇళ్లు ఆ జవాబును ఇంకా ఒప్పుకోలేదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు రాజ్యాంగ సభలో జరిగిన ఒక చర్చ చెప్పాలి. 1949 అక్టోబరు 17. పీఠిక మీద చర్చ. రాజేంద్రప్రసాద్ అధ్యక్ష స్థానంలో ఉన్నారు. హెచ్.వి. కామత్ లేచి, 'భారత ప్రజలమైన మేము' అన్న మాటలకు ముందు 'దేవుని పేరిట' అని చేర్చాలని సవరణ పెట్టారు. సభలో అత్యధికులు దైవభక్తులే. అలాంటి సభలో ఈ సవరణ నెగ్గడం నల్లేరు మీద నడకే అని ఎవరైనా అనుకుంటారు. కానీ ట్రావన్‌కోర్ నుంచి వచ్చిన పట్టం థాను పిళ్లై లేచి, నేను దేవుణ్ని నమ్ముతాను, అయినా ఈ సవరణ నమ్మకాన్ని నిర్బంధం చేస్తుంది, నమ్మడానికీ నమ్మకపోవడానికీ మనిషికి హక్కు ఉందని ఇదే రాజ్యాంగం చెబుతోంది కదా అన్నారు. హృదయనాథ్ కుంజ్రూ కూడా, మన అంతరంగంలోని పవిత్రమైన భావాలను ఇలా చర్చకు పెట్టవలసి రావడమే బాధాకరమన్నారు. పూర్ణిమా బెనర్జీ అయితే, దేవుడి మీద ఓటు వేయవలసిన ఇబ్బందిలోకి మమ్మల్ని నెట్టకండి అని కామత్‌ను వేడుకున్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. చేతులు లెక్కపెట్టారు. అనుకూలం 41, వ్యతిరేకం 68. సవరణ వీగిపోయింది.

ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. దేశ విభజన నెత్తుటి మరకలు అప్పటికి ఇంకా ఆరలేదు. శరణార్థుల శిబిరాలు ఇంకా ఉన్నాయి. అంత గాయం మీద కూర్చుని కూడా, రోజూ పూజగదిలో దీపం పెట్టుకునే మనుషులు, నా దేవుడి పేరు పక్కవాడి నోటితో బలవంతంగా పలికించను అని చేతులెత్తారు. ఎవరూ వాళ్లను దైవద్రోహులనలేదు. ఓడిపోయిన కామత్ 'ఇది చీకటి రోజు, దేవుడే భారతదేశాన్ని కాపాడాలి' అని తన బాధ చెప్పుకుని కూర్చున్నారు. ఆయన బాధ కూడా నిజమైనదే. దాన్ని నేను చులకన చేయను.

అదే పీఠికలో ఆలోచన, భావప్రకటన, విశ్వాసం, ధర్మం, ఆరాధనలలో స్వాతంత్ర్యం అని రాసుకున్నాం. 25వ అధికరణం దగ్గరకు వచ్చేసరికి, అంతరాత్మ స్వేచ్ఛకు, మతాన్ని అవలంబించి ప్రచారం చేసుకునే హక్కుకు 'అందరు వ్యక్తులూ' సమానంగా అర్హులు అన్నారు. ఆ తర్వాతి 26వ అధికరణం మత శాఖలకు తమ వ్యవహారాలు చూసుకునే హక్కు ఇచ్చిన మాట నిజమే. కానీ వరుస చూడండి. ముందు మనిషి, ఆ తర్వాతే సమూహం. శాంతిభద్రతలు, నైతికత, ఆరోగ్యం అనే హద్దులు కూడా అందులోనే పెట్టారు.

ఈ హక్కు ఎంత చిన్న మనిషికైనా వర్తిస్తుందని తేల్చింది ఒక తెలుగు న్యాయమూర్తి. కేరళలో ముగ్గురు తోబుట్టువులు, బడి పిల్లలు. జాతీయ గీతం పాడేటప్పుడు అందరితోపాటు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు మాత్రం కాదు. యెహోవా సాక్షులు అనే తమ క్రైస్తవ శాఖ విశ్వాసం ప్రకారం దేవుడికి తప్ప వేరే దేనికీ స్తుతిగీతం పాడకూడదన్నది వాళ్ల నమ్మిక. 1985లో బడి నుంచి పంపేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను మళ్లీ బడిలో చేర్చుకోమంది. తీర్పు రాసిన వారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలుచన చేయవద్దు అని ఆ తీర్పును ముగించారు. దేశమంతా ఒకవైపు, ముగ్గురు పిల్లలు ఒకవైపు అనిపించే తగాదాలో కోర్టు పిల్లల పక్షాన నిలిచింది. మన బడుల్లో ఈ తీర్పు చదివి వినిపించాలని నా కోరిక.

ఇదంతా ఢిల్లీలో. ఇప్పుడు మా ఆఫీసుకు రండి.

మా ఆఫీసు గుమ్మం పక్కన ఒక నోటీసు బోర్డు ఉండేది. వైరు జాలీ తలుపు, దానికి చిన్న తాళం. మార్కెట్ విలువల పట్టికలు, వేలం ప్రకటనల మధ్యలో అప్పుడప్పుడు ఒక కాగితం అతికించేవాళ్లం. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద ఇద్దరు పెళ్లి చేసుకోదలిచామని ఇచ్చిన నోటీసు అది. ఇద్దరి పేర్లు, వయసు, వృత్తి, చిరునామా. చట్టం ప్రకారం ఆ కాగితాన్ని అందరికీ కనబడేలా పెట్టాలి. 30 రోజులు ఆగాలి. ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నోటీసుల పుస్తకాన్ని ఎవరు వచ్చి అడిగినా రుసుము లేకుండా చూపించాలి.

ఏ అభ్యంతరాలు చెల్లుతాయో కూడా చట్టం స్పష్టంగా చెప్పింది. ఇద్దరిలో ఎవరికైనా జీవించి ఉన్న భార్యో భర్తో ఉండటం, సమ్మతి తెలిపే మానసిక స్థితి లేకపోవడం, అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండకపోవడం, నిషిద్ధ బంధుత్వం. ఇంతే. మతం వేరు అన్నది ఆ పట్టికలో లేదు. కులం లేదు. తల్లిదండ్రుల ఇష్టం కూడా లేదు. అయినా మా దగ్గరకు వచ్చిన అభ్యంతరాల్లో చాలా వరకు ఆ మూడే ఉండేవి. 'మా పరువు పోతుంది' అని తెల్లకాగితం మీద రాసి కింద సంతకం చేసి ఇచ్చిన తండ్రి అర్జీని ఈ చేతులతోనే తీసుకున్నాను. ఇది చెల్లదండీ అని చెబితే ఆయన నిలబడిన చోటే కూలబడి ఏడ్చాడు. ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. కూతురి బ్రతుకు మీద తనకున్న అధికారం ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు నిండిన రోజుతో తీరిపోయిందని ఆయనకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

ఆ 30 రోజుల్లో ఏం జరుగుతుందో మీలో చాలామందికి తెలుసు. బోర్డు దగ్గర ఎవరో ఫోనుతో ఫొటో తీస్తారు. సాయంత్రానికి అది అమ్మాయి వాళ్ల ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. మర్నాడు అమ్మాయి ఫోను కలవదు. గడువు తీరిన రోజు అబ్బాయి ఒక్కడే వచ్చి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా వరండాలో బల్ల మీద కూర్చుని వెళ్లిపోవడం నేను చూశాను. ఇదే ఇద్దరూ ఒకే మతం వాళ్లై గుడిలో పెళ్లి చేసుకుని వస్తే ముందస్తు నోటీసు అవసరం లేదు, పెళ్లి తర్వాత నమోదు చేస్తాం. మతాలు వేరై, ఎవరి మతంలో వారు ఉండదలిచిన వాళ్లకు మాత్రం ఈ బహిరంగ ప్రకటన తప్పదు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, నోటీసు బయటపెట్టాలా వద్దా అన్నది ఆ జంట ఇష్టం అని తీర్పు చెప్పింది. చట్టం అక్షరాల్లో మాత్రం ఆ 30 రోజులూ అలాగే ఉన్నాయి. వాటిని తీసేయాలని నేను ఉద్యోగంలో ఉండగా అనలేకపోయాను, ఇప్పుడు ఏ సభలో నిలబడినా అంటున్నాను.

అయినా ఈ చట్టం దాకా రావడానికి మనకు పట్టిన కాలం తెలిస్తే దీని విలువ తెలుస్తుంది. 1872లో బ్రహ్మసమాజం కేశవచంద్ర సేన్ పట్టుదల మీద మొదటి సివిల్ వివాహ చట్టం వచ్చింది. అందులో పెళ్లి చేసుకోవాలంటే వధూవరులు నేను హిందువును కాను, ముస్లింను కాను, క్రైస్తవుణ్ని కాను, యూదు, పార్సీ, బౌద్ధ, సిక్కు, జైన మతాల వాణ్నీ కాను అని వరసగా చెప్పి సంతకం పెట్టాలి. ప్రేమించిన మనిషి కావాలంటే పుట్టిన మతాన్ని కాగితం మీద వదులుకోవాలి. 1923లో హరిసింగ్ గౌర్ కృషితో హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులు తమలో తాము చేసుకునే పెళ్లిళ్లకు ఆ షరతు తొలగింది. ఎవరు ఎవరినైనా, తమ నమ్మకం తమ దగ్గరే ఉంచుకుని పెళ్లాడవచ్చని 1954లో మాత్రమే చట్టమైంది. 82 ఏళ్లు పట్టింది.

ఆ పెళ్లి ఎలా జరుగుతుందో చూడని వాళ్లకు చెబుతాను. ముగ్గురు సాక్షులు ఉండాలి. ముందు డిక్లరేషన్ మీద సంతకాలు. తర్వాత వధూవరులు ఒకరికొకరు, తమకు అర్థమయ్యే భాషలో, అధికారి ముందు, సాక్షుల ముందు చెప్పాలి: ఫలానా నేను, ఫలానా నిన్ను, చట్టప్రకారం నా భార్యగా స్వీకరిస్తున్నాను. అలాగే ఆమె. ఆ ఒక్క వాక్యం ఇద్దరి నోటా పలకనిదే పెళ్లి పూర్తి కాదు. మంత్రం అర్థం కాక పెళ్లి పీటల మీద ఊరికే తల ఊపిన నాలాంటి దానికి, ఒక అమ్మాయి అధికారి బల్ల ముందు నిలబడి ఆ వాక్యాన్ని తన ఊరి తెలుగులో, గొంతు వణుకుతున్నా ఒక్క మాట కూడా మింగకుండా చెప్పడం వింటే కలిగే గౌరవం ఇంతా అంతా కాదు. మంత్రాలతో జరిగిన పెళ్లి తక్కువదని నేను అనడం లేదు. నా పెళ్లి అలాగే జరిగింది, నాకు అది ఇష్టమే.

చట్టం వచ్చినంత మాత్రాన ఇల్లు మారదు. ఇది మన తెలుగు నేల మీదే ఎప్పుడో రుజువైంది. వితంతువుల పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్లు ఆ చట్టం కాగితం మీదే ఉంది. పెళ్లి జరిగాక వెలి మొదలైంది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు తెచ్చేవాళ్లు రామన్నారు. అప్పుడు వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే బిందెలతో నీళ్లు మోసుకొచ్చి అందరికీ వండిపెట్టారు. వీరేశలింగం గారి పేరు అందరూ చెబుతారు. చట్టాన్ని గడప దాటించి ఇంట్లోకి తెచ్చింది మాత్రం ఆ బిందె మోసిన తల్లి అని నేను నమ్ముతాను.

ఇంకొక పెళ్లి. నాస్తికుడు గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. ఆయన తన పెద్దకూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకున్నారు. గాంధీ తన సమక్షంలో, సేవాగ్రామ్‌లో జరిపిద్దామన్నారు. ఒక చిక్కు వచ్చింది. ప్రమాణంలో దేవుడి పేరు ఉంటుంది, గోరా దేవుణ్ని ఒప్పుకోరు. 'దేవుని పేరిట' అనే చోట 'సత్యం పేరిట' అందాం అని గాంధీ సమ్మతించారు. జీవితమంతా రామనామం చెప్పుకున్న మనిషి, తన ఆశ్రమంలో, తన చేతుల మీదుగా జరగబోయే పెళ్లిలో ఎదుటివాడి మనస్సాక్షి కోసం దేవుడి పేరు పక్కన పెట్టారు. జనవరి 30న ఆయన హత్య జరిగిపోయింది. పెళ్లి 1948 మార్చిలో అనుకున్నట్లే సేవాగ్రామ్‌లో జరిగింది. భక్తుడికీ నాస్తికుడికీ మధ్య ఇంత మర్యాద సాధ్యమేనని తెలిశాక, టీవీ చర్చల్లో అరుపులు వినడం నావల్ల కావడం లేదు.

ఇక సంస్కృతి. మనం కలిసిమెలిసి బతికే జాతి అని సభల్లో చెప్పుకుంటాం. అది అబద్ధం కాదు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు పీర్లను ఎత్తుకుంటారు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు వెళ్లి, తమ ఇంటి ఆడపడుచు బీబీ నాంచారమ్మను చూసినట్టు దర్శనం చేసుకుంటారు. నెల్లూరులో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె అని పిలుస్తుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. పుచ్చుకున్నవాళ్లు మరుసటి ఏడు తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. తడి కొంగు మీద రొట్టె పట్టుకుని తింటున్న మనిషిని, నీకు ఇచ్చింది ఎవరమ్మా అంటే తెలియదంటుంది. ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఈ పండుగలంటే నాకు ప్రాణం. కానీ వాటిని చూపించి మనం మంచివాళ్లమని తీర్మానించుకోవడం దగ్గరే నాకు పేచీ. చెరువులో ఎవరి చేతి నుంచో ఇంటి రొట్టె పుచ్చుకున్న మనిషే, రేపు ఇల్లు కట్టుకుని పై వాటా అద్దెకు ఇచ్చేటప్పుడు ఏం చేస్తున్నాడు? మా ఆఫీసుకు బదిలీ మీద వచ్చిన ఒక ముస్లిం సహోద్యోగి కోసం ఇల్లు వెతికే పనిలో నేనూ తిరిగాను. టులెట్ బోర్డు మీది నంబరుకు ఫోను చేస్తే ఇల్లు ఉంది, అడ్వాన్సు ఇంత, నీళ్ల బిల్లు ఇంత, రేపే రండి అనేవారు. పేరు చెప్పగానే, మా చుట్టాలు దిగుతారట అమ్మా, ఇప్పుడే ఫోను వచ్చింది అనేవారు. తర్వాతి వారం కూడా ఆ బోర్డు అక్కడే వేలాడుతూ ఉండేది. ఇలా దళితులను తిప్పి పంపే గడపలూ నాకు తెలుసు. వాళ్లకైతే పేరుతో కాదు, మీరేమిట్లు, అంటే మీదే కులం, అనే ప్రశ్నతో తలుపు మూసుకుంటుంది.

రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల దగ్గర మతం, కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని చెప్పింది. సొంత ఇంటి పై వాటా ఆ జాబితాలో లేదు. ఒక మతం వారి హౌసింగ్ సొసైటీ సభ్యత్వాన్ని తమ వారికే పరిమితం చేసుకోవచ్చని 2005లో పార్సీల సొసైటీ కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. అంటే ఇక్కడ చట్టం మీ చేతికే వదిలేసింది. ఊళ్లలో వాడలు వేరుగా ఉండటం చూసి బాధపడి పట్నం వచ్చిన మనమే, పట్నంలో వాడలు కడుతున్నాం. ఒకే అపార్ట్‌మెంటులో ఆడుకోని పిల్లలు పెద్దయ్యాక ఒకరి గురించి ఒకరు తెలుసుకునేది ఎక్కడ? ఫోనులో వచ్చే వీడియోల్లో. వాటిని ఎవరు, ఎందుకు తయారుచేస్తున్నారో మీకు తెలుసు.

రాజకీయం ఇక్కడే మొదలవుతుంది. నాయకులు మనల్ని విడగొడుతున్నారని అంటాం. విడిపోయి ఉన్నవాళ్లను లెక్కపెట్టుకోవడం వాళ్లకు సులువు, అంతే. ఓటర్ల జాబితా తీసి చూడండి. పేరు, తండ్రి పేరో భర్త పేరో, ఇంటి నంబరు, వయసు, లింగం. మతానికి గడి లేదు, కులానికి గడి లేదు. ఊరికే లేకుండా పోలేదు. 1909లో బ్రిటిష్ వాళ్లు ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు పెట్టి, ఓటరును మతంతో గుర్తించడం మొదలుపెట్టారు. దాని పర్యవసానం చూసిన రాజ్యాంగ నిర్మాతలు 325వ అధికరణంలో, నియోజకవర్గానికి ఒకే సాధారణ ఓటర్ల జాబితా ఉండాలని, మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ దాని నుంచి తప్పించకూడదని రాశారు. మనం ఏం చేశాం? ఎన్నికల ముందు అదే జాబితా ప్రింటు తీసుకుని బూత్ కమిటీ వాళ్లు కూర్చుంటారు. ప్రతి పేరు పక్కన పెన్సిల్‌తో ఒక అక్షరం రాస్తారు. వీధిలో పెద్దమనిషి ఒకాయన పక్కన కూర్చుని, ఆ ఇల్లు వాళ్లది, ఈ ఇల్లు వీళ్లది అని చెబుతుంటాడు. రాజ్యాంగం చెరిపేసిన గడిని మనమే పెన్సిల్‌తో మళ్లీ గీస్తున్నాం.

మతం, కులం పేరుతో ఓటడగడం అవినీతి చర్య అని ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ చెబుతుంది. 2017 జనవరి 2న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతో అడిగినా తప్పేనని 4-3 మెజారిటీతో తేల్చింది. విభేదించిన ముగ్గురి తరఫున తీర్పు రాసిన జస్టిస్ చంద్రచూడ్, కులం వల్ల, మతం వల్ల తరతరాలుగా అన్యాయం పొందినవాళ్లు ఆ అన్యాయం గురించి ఎన్నికల్లో మాట్లాడుకోకూడదంటే ఎలా అని అడిగారు. అది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. బావి దగ్గర నీళ్లు తోడనివ్వలేదని చెప్పుకోవడమూ, మనవాడికే ఓటెయ్యండి అనడమూ ఒకటి కావు. మొదటిది మనిషి తన హక్కు అడగడం. రెండోది మనిషి తరఫున గుంపు నిర్ణయం తీసుకోవడం.

ప్రభుత్వం కూడా ఈ తప్పు చేస్తోంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందూ మతంలో ఉన్నవారికే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. చర్చికి వెళ్లే దళితులు మన రాష్ట్రాల్లో బీసీ-సీ కిందికి, ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వస్తారు. ఊళ్లో మాత్రం అదే వాడ, అదే చిన్నచూపు. అందుకని ఎన్నో కుటుంబాల్లో ఇంట్లో ఒక పేరు, రికార్డులో మరొక పేరు. దస్తావేజు రాయించుకునేటప్పుడు ఏ పేరు రాయమంటారు అని అడిగితే, భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బైబిల్లోంచి తల్లి ప్రేమగా పెట్టుకున్న పేరును ప్రభుత్వ ఆఫీసులో దాచుకోవలసి రావడం ఎంత చిన్నతనమో ఆలోచించండి. వివక్ష గుడి దగ్గర మొదలై చర్చి దాకా వెంట వస్తున్నప్పుడు, రక్షణ మాత్రం గుడి దగ్గరే ఆగిపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు ఉంటారు, వాళ్ల వాదనా నాకు తెలుసు.

ఆడపిల్లల ఆస్తి గురించి కూడా చెప్పాలి. అదీ సంస్కృతి పేరుతోనే నడుస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది 2005లో. ఈ విషయంలో మనం దేశానికి దారి చూపించాం. కానీ మా ఆఫీసులో నేను చూసింది హక్కు విడుదల దస్తావేజులు. 'నా స్వంత ఇష్టంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా' అని టైపు చేసి తెస్తారు. పసుపు కుంకుమల కింద కొంత ముట్టిందని రాస్తారు. డబ్బు ముట్టిందా అమ్మా అని అధికారి అడుగుతారు. ఆమె మొదట అన్న వైపు చూస్తుంది. అన్న తల ఊపుతాడు. అప్పుడు ఆమె 'ముట్టిందండీ' అంటుంది. సంతకం పెట్టాక వేలికంటిన సిరా గోడకు తుడుచుకుంటుంది. పుట్టింటికి రాకపోకలు ఉండాలంటే వాటా అడగకూడదు అన్నది మనం ఆడపిల్లకు నేర్పిన సంస్కృతి. అన్నదమ్ములను ప్రేమించే చెల్లెలు ఇష్టంగా వదులుకుంటే నాకేం అభ్యంతరం? కానీ అడిగినప్పుడు ఆమె కళ్లు ముందు ఎటు తిరిగాయన్నది నేను చూశాను కదా.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. దాంతోపాటు సభలోంచి రెండు ప్రశ్నలూ వచ్చాయి. వాటికి జవాబు చెప్పి కూర్చుంటాను.

మొదటిది, ఒక తండ్రి రాసింది: పిల్లలు మతం మారితే మాకు కర్మలు చేసేది ఎవరు? అయ్యా, మీ భయం నాకు అర్థమవుతుంది. మీ నమ్మకం మీద మీ పిల్లల హక్కు ఎంత లేదో, వాళ్ల నమ్మకం మీద మీ హక్కూ అంతే లేదు. మీరు పోయాక ఏ పద్ధతిలో సాగనంపాలో ఇప్పుడే కూర్చోబెట్టి చెప్పండి, కాగితం మీద రాసి ఉంచండి. మీ నమ్మకం ప్రకారం మిమ్మల్ని సాగనంపడం వాళ్ల బాధ్యత, వాళ్ల నమ్మకం ఏదైనా సరే. తలకొరివి పెట్టే కూతుళ్లను ఇప్పుడు మన ఊళ్లలోనే చూస్తున్నాం. కానీ ఆ ఒక్క రోజు కోసం వాళ్ల జీవితకాలం మీ చేతిలో పెట్టుకోకండి.

రెండోది పేరు లేకుండా వచ్చింది. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లికి ఏమేం కావాలి అని. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న చోటి వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. వయసు రుజువు, చిరునామా రుజువు, ఫొటోలు దగ్గర పెట్టుకోండి. నోటీసు ఇచ్చాక 30 రోజులు ఎక్కడ ఉండాలో ముందే ఆలోచించుకోండి. బెదిరింపులు వస్తే రక్షణ కోరుతూ పోలీసులకు, అవసరమైతే హైకోర్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. యుక్తవయస్కుల పెళ్లిలో కుటుంబంగానీ పంచాయతీగానీ జోక్యం చేసుకోకూడదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, జిల్లా అధికారులకు బాధ్యతలు కూడా అప్పగించింది. గడువు తీరాక, నోటీసు ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల లోపే పెళ్లి జరగాలి, లేకపోతే మళ్లీ మొదటి నుంచి నోటీసు ఇవ్వాలి. ముగ్గురు సాక్షులు కావాలి. భయపడి ఎవరూ రాకపోతే నిర్వాహకుల దగ్గర నా ఫోను నంబరు తీసుకోండి. ఒక సాక్షిగా నేను వస్తాను.